ఎక్స్‌పైస్-17: ఉష్ణోగ్రత గ్రాఫు మెట్లు మెట్లుగా వస్తోంది, తప్పెక్కడ?

చాక్‌పీస్_మాస్టారు

మా హైస్కూలుకు ఓ పాత విద్యార్థి ఎక్స్‌పైస్-17 అని, ల్యాప్‌టాప్‌కు తగిలించి ప్రయోగాల్లో కొలతలు తీసే ల్యాబ్ పెట్టె కొనిచ్చి నెలన్నర అయింది. అందులో నెల రోజులు అది బీరువాలోనే ఉంది. బీరువా తాళం హెచ్చెమ్ గారి దగ్గర, హెచ్చెమ్ గారు సెలవులో. పోయిన సోమవారం బయటికి తీశాను. పిల్లలు అప్పుడే దానికి "పైసల పెట్టె" అని పేరు పెట్టేశారు.

మంచు కరగడం దగ్గర్నుంచి నీళ్ళు మరిగే దాకా ఒకే గ్రాఫు తొమ్మిదో తరగతికి చూపిద్దామని నా ఆశ. కరిగేటప్పుడు ఉష్ణోగ్రత కదలదు, మరిగేటప్పుడూ కదలదు అని ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద గీస్తున్నాను. ఒక్కసారి నీళ్ళ చేతే గీయిద్దామని. వేడిని బట్టి నిరోధం మారే పీటీ100 సెన్సార్ ఒక కాలు సీసీఎస్‌కి (స్థిరంగా ఒకే కరెంటు ఇచ్చే సాకెట్), ఇంకోటి గ్రౌండ్‌కి, సీసీఎస్ నుంచి ఏ3కి (వోల్టేజి కొలిచే సాకెట్) ఒక తీగ. ల్యాప్‌టాప్ పెట్టెను గుర్తుపట్టింది, గ్రాఫు మొదలైంది. కానీ నున్నగా రావట్లేదు. 23 దగ్గర కదలకుండా కూర్చుంటుంది, ఉన్నట్టుండి 27కి గెంతుతుంది, కాసేపాగి 31. మధ్యలో అంకెలే లేవు. ఓ పిల్లాడు "సార్, నీళ్ళు మెట్లెక్కి వేడెక్కుతాయా?" అన్నాడు. క్లాసంతా నవ్వు.

సెన్సార్ పోయిందా, పెట్టె పోయిందా, నేనే పోయానా?

ఊరకే_చూస్తా

మీకు కనీసం ల్యాప్‌టాప్ గుర్తుపట్టింది మాస్టారూ. నాకు "పరికరం దొరకలేదు" అనే వస్తోంది రెండు వారాలుగా. ఎవరైనా చెబుతారేమోనని ఇక్కడే కూర్చుంటున్నా.

పాదరసం

అందుకే అంటాను, గాజు థర్మామీటర్ ఒకటి, స్టాప్‌వాచ్ ఒకటి. ముప్పై సెకన్లకోసారి పిల్లాడు చూసి రాస్తాడు. మెట్లూ ఉండవు, లిఫ్టులూ ఉండవు.

కెపాసిటర్_కుర్రాడు

సెన్సార్ డెడ్ సార్. మార్చెయ్యండి.

ఓమ్_శాంతి

కుర్రాడా, డెడ్ అయిన సెన్సార్ మెట్లెక్కదు తమ్ముడూ, పడుకుంటుంది.

మాస్టారూ, ఏ3 పక్కన ఆర్‌జీ అని ఒక సాకెట్ ఉంటుంది. అందులో రెసిస్టర్ ఏమైనా పెట్టారా, ఖాళీగా ఉందా?

చాక్‌పీస్_మాస్టారు

ఖాళీ. దాని పనేంటో అర్థం కాక వదిలేశాను.

ఓమ్_శాంతి

అక్కడే ఉంది కథంతా. లెక్క చూడండి.

సీసీఎస్ ఇచ్చే కరెంటు సుమారు 1.1 మిల్లీఆంపియర్. పీటీ100 నిరోధం సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, ఆ పైన డిగ్రీకి సుమారు 0.385 ఓమ్ పెరుగుతుంది. అంటే ఒక డిగ్రీకి మీకు దక్కే వోల్టేజి మార్పు 0.42 మిల్లీవోల్టు. ఇక ఏ3 కొలిచేది మైనస్ 3.3 నుంచి ప్లస్ 3.3 వోల్టుల దాకా. ఆ 6.6 వోల్టుల్ని పెట్టె 4,096 ముక్కలు చేస్తుంది, 12 బిట్లు కాబట్టి. ఒక్కో ముక్క 1.6 మిల్లీవోల్టులు. ముక్క 1.6, డిగ్రీకి మార్పు 0.42. అంటే దాదాపు నాలుగు డిగ్రీలు పెరిగితే గానీ పెట్టెకు తేడా తెలియదు. మీ 23, 27, 31 అవే. బియ్యం కొలిచే మానికతో ఏలకులు కొలుస్తున్నారు మాస్టారూ, అంతే.

ఆర్‌జీ సాకెట్ నుంచి గ్రౌండ్‌కి ఒక 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. పదివేలను ఆ రెసిస్టర్ విలువతో భాగించి, 1 కలిపితే ఎన్ని రెట్లు పెరుగుతుందో వస్తుంది. మీకు 11 రెట్లు. అప్పుడు ఒక మెట్టు 0.35 డిగ్రీ. నీళ్ళు మరిగేటప్పుడు కూడా 1.7 వోల్టులు దాటదు, కాబట్టి ఏ3 తట్టుకుంటుంది. గ్రాఫు గీసే చోట ఆ 11తో భాగించమని చెప్పడం మాత్రం మర్చిపోవద్దు. మర్చిపోతే మీ నీళ్ళు సూర్యుడి వైపు ప్రయాణం కడతాయి.

గుంటూరు_గ్రాఫు

మానిక, ఏలకులు... బాగుంది. రేపు క్లాసులో వాడుకుంటా, అడగొద్దు.

పాదరసం

పది రూపాయల రెసిస్టర్ లేకపోతే నాలుగు డిగ్రీలు తేడా వచ్చే యంత్రం. సంతోషం.

ఓమ్_శాంతి

పది రూపాయలక్కూడా కాదండీ, అంతకంటే చవక. తేడా రావడం వేరు, సన్నగా చూడలేకపోవడం వేరు. మీ గాజు థర్మామీటర్‌లో ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య పాదరసం ఆగితే పిల్లలేం రాస్తారు? దగ్గరి గీత. ఇదీ అదే.

ల్యాబ్_అన్న

పీటీ100 దొరక్కపోయినా కంగారేం లేదు. మా కాలేజీలో ఎల్‌ఎం35 అనే ఇంకో ఉష్ణోగ్రత సెన్సార్ వాడతాం. దానికి ఓడీ1 సాకెట్ నుంచి 5 వోల్టులు, మధ్య కాలు వోల్టేజి కొలిచే ఏ1కి, మూడోది గ్రౌండ్‌కి. డిగ్రీకి 10 మిల్లీవోల్టులు నేరుగా ఇచ్చేస్తుంది. 0.27 వోల్టులు వచ్చాయంటే 27 డిగ్రీలు, పిల్లలు నోటితోనే చెప్పేస్తారు. కానీ ఏ1 రేంజి 16 వోల్టుల మీద వదిలెయ్యకండి, చిన్న రేంజికి దించండి. లేకపోతే అదే మానిక కథ. ఇంకోటి, ఎల్‌ఎం35 కాళ్ళు నీళ్ళలో మునిగితే రీడింగ్ పిచ్చిపిచ్చిగా వస్తుంది. మేం కాళ్ళకు ట్యూబు తొడిగి, గ్లూగన్‌తో సీలు వేసి, బాల్‌పెన్ను గొట్టంలో దూర్చాం. అవతల కాలేజీ వాళ్ళు వచ్చి ఎక్కడ కొన్నారు అని అడిగి వెళ్ళారు.

గుంటూరు_గ్రాఫు

పాదరసం గారికి ఒక మాట. ఉష్ణోగ్రత వరకు మీరన్నది ఒప్పుకుంటా, గాజు థర్మామీటర్ చాలు. కానీ ఈ పెట్టె అసలు విద్య ఉష్ణోగ్రత కాదు. తీగచుట్టలోంచి అయస్కాంతం జారవిడిస్తే వచ్చే వోల్టేజిని మీ గాల్వనోమీటర్‌లో చూడండి, ముల్లు ఒకసారి తుళ్ళి ఊరుకుంటుంది. ఈ పెట్టెలో రెండు శిఖరాలు కనిపిస్తాయి, ఒకటి పైకి, ఒకటి కిందికి. రెండోది ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. ఎందుకని అడిగితే మొన్న ఓ అమ్మాయి, "బయటికొచ్చేటప్పటికి స్పీడు ఎక్కువ కదా సార్" అంది. లెంజ్ నియమమూ, ఫారడే నియమమూ, గురుత్వమూ ఒక్క బొమ్మలో. దానికి సెకనులో పదో వంతు చాలు. మీ స్టాప్‌వాచ్ బటన్ నొక్కేలోపు అయిపోతుంది.

మరొకటి. ఏ3లో ఒక బారెడు తీగ గుచ్చి, రెండో కొస గాల్లో వదిలెయ్యండి. దేనికీ కలపొద్దు. తెర మీద అల వస్తుంది, 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున. గోడల్లోని కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ అది. మా బడిలో ఇది చూపిస్తుండగా సరిగ్గా కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది, అల మాత్రం చచ్చిపోయి గీత అయిపోయింది. క్లాసంతా "ఓ..." అని అరిచింది. అప్పటిదాకా నిద్రపోయిన చివరి బెంచీ లేచి నిలబడింది. కరెంటు కోత నాకు పాఠం చెప్పి పెట్టిన రోజు అదొక్కటే.

పాదరసం

అది మాత్రం బాగుంది. ఒప్పుకుంటున్నా.

ఊరకే_చూస్తా

ఇంతకీ నా పెట్టె... ల్యాప్‌టాప్... సరే, తర్వాత అడుగుతా.

డెన్వర్_టీచరమ్మ

ఇది మన దగ్గర తయారైనదేనా? నేను ఇక్కడ అమెరికాలో హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను, మాకు వెర్నియర్ కంపెనీ వాళ్ళ వైర్‌లెస్ ప్రోబ్‌లు ఉంటాయి. ఒక్కో ప్రోబ్‌కి ఒక్కో పని, ఉష్ణోగ్రతకి ఒకటి, బలానికి ఒకటి. అన్నీ ఒకే పెట్టెలో ఉండటం వినడానికి ముచ్చటగా ఉంది.

ఓమ్_శాంతి

మనదే మేడమ్. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఫీనిక్స్ ప్రాజెక్టు కింద పుట్టింది. అజిత్ కుమార్ గారి బృందం పని. కణాల్ని పరిగెత్తించే పెద్ద యంత్రం దగ్గర పనిచేసేవాళ్ళు, చిన్న కాలేజీలకు చవకగా ల్యాబ్ ఉండాలని దీని మీద కూర్చున్నారు. హార్డ్‌వేర్ డిజైను, సాఫ్ట్‌వేర్ రెండూ ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. మీ ప్రోబ్ అంటే కొనుక్కున్న ఇడ్లీ, ఇదైతే పిండి. మీరే వేసుకోవాలి. మాడితే బాధ్యత కూడా మీదే.

చాక్‌పీస్_మాస్టారు

ఓమ్_శాంతి గారూ, మీకు దణ్ణం. పాత రేడియోలోంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్ పీకి పెట్టాను. గ్రాఫు నున్నగా వచ్చింది! మంచు కరుగుతున్నంతసేపూ సున్నా దగ్గర చాప పరిచినట్టు పడుకుంది, తర్వాత ఏటవాలుగా ఎక్కింది, పైన మళ్ళీ పడుకుంది. మెట్లెక్కిన పిల్లాడే ముందు చప్పట్లు కొట్టాడు.

కానీ ఇప్పుడు కొత్త తలనొప్పి. పెట్టెకు జ్వరమొచ్చింది. సరదాకి ఓ పిల్లాడి చంకలో సెన్సార్ పెట్టించాను. 37.6 చూపింది. ఏఎన్ఎమ్ గారి డిజిటల్ థర్మామీటర్ తెచ్చి పెడితే 36.5. ఇంకో ముగ్గురికి చూశాం, అందరికీ డిగ్రీకి పైనే ఎక్కువ. క్లాసు మొత్తానికి జ్వరం. ఒకడు అప్పుడే సెలవు చీటీ రాయడం మొదలుపెట్టాడు. సున్నా దగ్గరా వంద దగ్గరా రెండు చోట్లా సరిచూసే పెట్టాను మరి.

కెపాసిటర్_కుర్రాడు

ఈసారి నిజంగా సెన్సార్ డెడ్ అయ్యుంటుంది సార్.

ఓమ్_శాంతి

నువ్వు ఆగవా.

మాస్టారూ, తీగల సంగతి చూడండి. మొసలి క్లిప్పులు వదులుగా ఉన్నాయా? తీగలోనో క్లిప్పులోనో ఒక ఓమ్ ఎక్కువైతే పీటీ100 దాన్ని కూడా వేడి అనుకుంటుంది. ఒక ఓమ్ అంటే 2.6 డిగ్రీలు.

ల్యాబ్_అన్న

మంచు ఎక్కడిది? చేపల బజారు మంచు అయితే అందులో ఉప్పు కలిసి ఉండొచ్చు. ఉప్పు మంచు సున్నా కంటే కిందికి పోతుంది. అలాంటి దాన్ని సున్నా అని పెట్టెకు చెబితే పైన అన్నీ ఎక్కువగానే వస్తాయి.

చాక్‌పీస్_మాస్టారు

మంచు మా ఇంటి ఫ్రిజ్‌లోదే, తాగే నీళ్ళతో. నలగ్గొట్టి, కొంచెం నీళ్ళు పోసి, కలుపుతూ పెట్టాను. క్లిప్పులు తీసేసి తీగలు మెలిపెట్టి చూశాను, అదే 37.6.

లెక్కల_టీచరమ్మ

నాకు మీ సెన్సార్లూ ఓములూ తెలియవు, అంకెలు తెలుసు. గదిలో గోడకున్న థర్మామీటర్ ఎంత చూపిస్తోంది, అదే గదిలో మీ పెట్టె ఎంత చూపిస్తోంది? రెండూ రాయండి మాస్టారూ.

చాక్‌పీస్_మాస్టారు

ఇప్పుడే చూశాను. గోడది 19. పెట్టెది 19.6.

లెక్కల_టీచరమ్మ

36.5కి 37.6. 19కి 19.6. రెండింట్లోనూ నిష్పత్తి ఒకటే, 1.03. ఎక్కడ చూసినా ఒకే మొత్తం ఎక్కువ రావట్లేదు, అంకె పెరిగేకొద్దీ తేడా కూడా పెరుగుతోంది. కాబట్టి మీ సున్నా సరైనదే. మంచునీ క్లిప్పుల్నీ వదిలెయ్యండి. తప్పు పై కొసలో ఉంది. మీరు "ఇది వంద" అని పెట్టెకు చెప్పినప్పుడు అక్కడ నిజంగా వంద లేదు. 100ని 1.03తో భాగిస్తే 97. మీ నీళ్ళు 97 దగ్గర మరిగాయి.

ఓమ్_శాంతి

టీచరమ్మా, నా డిప్లొమా వెనక్కి ఇచ్చేస్తున్నా.

పాదరసం

97 దగ్గర నీళ్ళు మరగడమేంటండీ. 100 దగ్గర మరుగుతాయి. ఐదో తరగతి పిల్లాడికీ తెలుసు.

డెన్వర్_టీచరమ్మ

ఆగండాగండి. మాస్టారూ, మీ బడి ఏ ఊళ్ళో?

చాక్‌పీస్_మాస్టారు

అరకు దగ్గర.

గుంటూరు_గ్రాఫు

😂😂😂

ఓమ్_శాంతి

అరకా! ముందే చెప్పొద్దూ! సముద్రమట్టానికి 900 మీటర్ల పైన కూర్చుని నీళ్ళని వంద దగ్గర మరగమంటే అవెలా మరుగుతాయి?

డెన్వర్_టీచరమ్మ

మా ఊరు సముద్రమట్టానికి సరిగ్గా ఒక మైలు ఎత్తు, 1,600 మీటర్లు. ఇక్కడ నీళ్ళు 95 దగ్గరే మరుగుతాయి. కేకు పిండి పొట్లం వెనక కూడా "ఎత్తైన ప్రాంతాల వాళ్ళు ఇలా చెయ్యండి" అని వేరే కొలతలు అచ్చు వేస్తారు. నేను వచ్చిన కొత్తలో కుక్కర్ లేకుండా కందిపప్పు పెట్టి గంటన్నర చూశాను. నీళ్ళు తెర్లుతూనే ఉన్నాయి, పప్పు రాళ్ళలాగే ఉంది. పప్పు పాతదని కొట్టువాడితో గొడవ కూడా పెట్టుకున్నా. లెక్క సుమారుగా ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుంది. పైకి పోయేకొద్దీ నీటి మీద గాలి బరువు తగ్గుతుంది, ఆవిరికి బయటపడటం సులువవుతుంది. మీ 910 మీటర్లకు మూడు డిగ్రీలు తీసెయ్యండి.

లెక్కల_టీచరమ్మ

97. అదే చెప్పాను.

చాక్‌పీస్_మాస్టారు

సిగ్గుగా ఉంది కానీ చెబుతాను. సున్నా సరిచేశాక, ఫార్ములా పెట్టి మరిగించినప్పుడు పెట్టె మొదట 97 అనే చూపింది. పుస్తకంలో 100 ఉంది కదా, పెట్టె మూడు డిగ్రీలు తక్కువ చూపిస్తోందని నేనే దాన్ని సాగదీసి వందకు తెచ్చాను. అది నిజం చెబితే నోరు నొక్కాను.

ఇంకా ఉంది. ఇందాక మా ల్యాబ్ అటెండర్‌ని పిలిచి అడిగాను. "మన గాజు థర్మామీటర్లు మరిగే నీళ్ళలో ఎంత చూపిస్తాయయ్యా" అని. ఆయన నవ్వాడు. "ఎప్పుడూ తొంభై ఏడేనండి. పాతవైపోయాయని సార్లు రికార్డులో వందే వేయించేవారు" అన్నాడు. నా ముందు ఇద్దరు మాస్టార్లు వేయించారు, నేను ఇరవై ఏళ్ళు వేయించాను. పోయినేడు ఇదే కారణంతో రెండు థర్మామీటర్లు పనికిరావని రాసి మూలన పెట్టించాను కూడా.

పాదరసం

అందరూ ఒక్క నిమిషం ఆగి పై పోస్టు మళ్ళీ చదవండి. గాజు థర్మామీటర్ ముందునుంచీ 97 అనే చెబుతోంది. రెసిస్టర్ అడగలేదు, ల్యాప్‌టాప్ అడగలేదు. నాకు ఇంకేం చెప్పే పని లేదు.

ఓమ్_శాంతి

రెండు నిమిషాల క్రితం "97 దగ్గర మరగడమేంటండీ" అన్నది ఎవరండీ?

పాదరసం

నేనన్నాను. థర్మామీటర్ అనలేదు.

గుంటూరు_గ్రాఫు

ఈ రోజుకు గెలుపు ఆయనదే, వదిలెయ్యండి.

కెపాసిటర్_కుర్రాడు

నేనూ ఒకటి చెప్పనా, ఎలాగూ అందరూ ఒప్పేసుకుంటున్నారు కాబట్టి. బీటెక్ ఫస్టియర్‌లో ఇదే పెట్టెతో గురుత్వ త్వరణం కొలిచాం. ఓడీ1కి విద్యుదయస్కాంతం, దానికి ఇనుప గుండు, కింద సెన్ అనే సాకెట్‌కి కలిపిన రేకు. ఓడీ1 ఆగగానే గుండు పడుతుంది, రేకును తాకిన టైమును పెట్టె చెబుతుంది. 30 సెంటీమీటర్లకు 247 మిల్లీసెకన్లు రావాలి. నాకు 255 వచ్చింది, లెక్కేస్తే 9.2. ఎన్నిసార్లు చేసినా అంతే. చివరికి రికార్డులో ఎత్తును 32 సెంటీమీటర్లు అని రాశాను. 9.8 వచ్చేసింది. పదికి పది మార్కులు.

ఓమ్_శాంతి

ఓరి దొంగా. అది అయస్కాంతం చేసే ఆలస్యం. కరెంటు ఆగినా ఇనుములో కాస్త అయస్కాంతత్వం మిగులుతుంది, గుండును కొన్ని మిల్లీసెకన్లు పట్టుకుని వదులుతుంది. అయస్కాంతం కొసకు ఒక పొర సెల్లోటేప్ అంటించి చూడు, చాలావరకు తగ్గుతుంది. ఇంకా మంచి పని, రెండు వేర్వేరు ఎత్తుల నుంచి వదులు. ఆలస్యం రెండింట్లోనూ ఒకటే కాబట్టి లెక్కలో పట్టుకోవచ్చు.

లెక్కల_టీచరమ్మ

32 అని రాయడం కంటే 9.2 ఎందుకు వచ్చిందో రాసి ఉంటే నేనైతే పదకొండు వేసేదాన్ని.

కెపాసిటర్_కుర్రాడు

మా మేడమ్ అయితే "9.8 రాలేదు, మళ్ళీ చెయ్యి" అనేవారు మేడమ్. అది సాయంత్రం నాలుగున్నర, బస్సు అయిదుకి.

ల్యాబ్_అన్న

పిల్లల్ని అనకండి. పరీక్షకు వచ్చే ఎగ్జామినర్ ముందు చూసేది చివరి అంకెనే. ధ్వని వేగం ప్రయోగంలో మే నెల మిట్టమధ్యాహ్నం కూడా పిల్లలు 332 అని రాస్తారు, అది సున్నా డిగ్రీల దగ్గర విలువ. మా ల్యాబులో ఎండాకాలం 35 డిగ్రీలు, 352 దాకా రావాలి. అలలు పుట్టించే ఎస్‌క్యూ1 సాకెట్‌కి బజర్ కలిపి, 3,500 హెర్ట్జ్ పెట్టి, మైకును స్కేలు వెంట జరుపుతూ పోతే తెర మీది రెండు అలలు (బజర్‌కి ఇచ్చేదీ, మైకు విన్నదీ) పది సెంటీమీటర్లకోసారి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. పెట్టె 352 అంటుంది, రికార్డు 332 అంటుంది. ఎవరి మాట నెగ్గుతుందో మీకు తెలుసు.

ఓమ్_శాంతి

మాస్టారూ, అరకు కథ నాకింకా తృప్తిగా లేదు. 97 అనడానికి సాక్ష్యం కావాలి. బీఎంపీ280 అని గాలి పీడనం కొలిచే చిన్న సెన్సార్ ఉంటుంది, వేలి గోరంత. పెట్టె మీద ఐ2సీ అని రాసిన చోట నాలుగు పిన్నులకు కలపండి. విద్యుత్తు 3.3 వోల్టులే ఇవ్వండి, 5 వద్దు. సాఫ్ట్‌వేర్‌లో స్కాన్ నొక్కితే 118 లేదా 119 అని అంకె రావాలి, అది దాని చిరునామా. ఏమీ రాకపోతే ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ తీగలు తారుమారు అయినట్టు. నేను ప్రతిసారీ తారుమారు చేస్తాను, కాబట్టి మొహమాటపడకండి.

చాక్‌పీస్_మాస్టారు

నాలుగు రోజులు పట్టింది, సెన్సార్ విశాఖ నుంచి రావాలి కదా. తారుమారు నేనూ చేశాను. మార్చాక 118 వచ్చింది.

పీడనం 911 హెక్టోపాస్కల్ అంటోంది. కానీ నా ఫోన్‌లో వాతావరణం యాప్ అరకులో 1,012 అంటోంది. వంద తేడా! ఈసారి నేను తొందరపడి ఏమీ సరిచెయ్యలేదు, ముందు మీకే చెబుతున్నా.

డెన్వర్_టీచరమ్మ

మంచి పని చేశారు. రెండూ నిజమే. యాప్ చూపించేది సముద్రమట్టానికి మార్చిన పీడనం. అలా మార్చకపోతే వాతావరణ పటంలో కొండలన్నీ తుపాన్లలా కనిపిస్తాయి, ఊళ్ళను పోల్చలేం. మీ సెన్సార్ చూపేది మీ బల్ల మీద ఉన్న గాలి. నీళ్ళకు యాప్‌తో పని లేదు, బల్ల మీద గాలితోనే పని.

ఓమ్_శాంతి

నీటి ఆవిరి పట్టికలో 97 డిగ్రీల దగ్గర ఆవిరి పీడనం 909 హెక్టోపాస్కల్. మీ గాలి 911. ఇంకేం కావాలి. పెట్టె, గాజు థర్మామీటర్, పీడనం, పట్టిక, నలుగురూ ఒకే మాట.

పాదరసం

ఆ నలుగురిలో ముందు చెప్పింది ఎవరో రాసి పెట్టుకోండి.

మదనపల్లె_మీటర్

ఇది చదివి ఆగలేకపోయాను. మాది దాదాపు 700 మీటర్లు. ఈ శనివారం మరిగించి చెబుతాను, 97.7 రావాలి. హైదరాబాద్ వాళ్ళు ఎవరైనా ఉంటే 540 మీటర్లకు 98.2 చూడండి. విశాఖ బీచ్ రోడ్డు వాళ్ళకు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే వస్తుంది, పాపం ఏ మజా లేదు.

గుంటూరు_గ్రాఫు

మాకూ అంతే. గుంటూరులో వందే. మా ఊళ్ళో మిరపకాయే ఘాటు, సైన్సు చప్ప.

కెపాసిటర్_కుర్రాడు

ఫోన్‌తో ఇంకోటి చెయ్యొచ్చు సార్. ఫైఫాక్స్ అని జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్ళ యాప్, ఉచితం. ఫోన్ లోపలి సెన్సార్లన్నిటినీ గ్రాఫులుగా చూపిస్తుంది. అన్ని ఫోన్లలో పీడనం సెన్సార్ ఉండదు, కొన్నిట్లోనే. ఉన్న ఫోన్ పట్టుకుని విశాఖలో అరకు రైలు ఎక్కండి. 1,010 దగ్గర మొదలైన గ్రాఫు అరకు చేరేసరికి 911 దగ్గర ఉంటుంది. సొరంగాల్లో జీపీఎస్ పోతుంది, పీడనానికి ఏమీ కాదు. మూడంతస్తుల మెట్లెక్కినా ఒక హెక్టోపాస్కల్ తేడా కనిపిస్తుంది.

ఓమ్_శాంతి

మొత్తానికి "సెన్సార్ డెడ్" కాకుండా ఇంకో మాట అన్నావు. అది కూడా పనికొచ్చేది.

చాక్‌పీస్_మాస్టారు

రైలు సంగతి పిల్లలకు చెప్పాను. రెండు రోజులుగా ఇంకో మాట లేదు. హెచ్చెమ్ గారిని అడగాలి. మూలన పెట్టిన రెండు థర్మామీటర్లను తీసి కడిగించాను. రికార్డుల్లో ఈసారి 97 వేయిస్తున్నాను, పక్కన పీడనం కూడా. మెట్లెక్కిన పిల్లాడు "సార్, పబ్లిక్ పరీక్షలో నీటి మరుగు స్థానం ఎంత అని అడిగితే 97 రాయాలా 100 రాయాలా" అన్నాడు. ఏం చెప్పమంటారు?

లెక్కల_టీచరమ్మ

"సముద్రమట్టం వద్ద 100" అని రాయమనండి. నాలుగు అక్షరాలు ఎక్కువ, అంతే.

పాదరసం

బిట్ పేపర్‌లో అయితే ఖాళీ అంత ఉండదు టీచరమ్మా.

ఊరకే_చూస్తా

అందరి సమస్యలూ తీరాయి కాబట్టి మళ్ళీ అడుగుతున్నా. నా పెట్టెలో లైటు వెలుగుతుంది, ల్యాప్‌టాప్‌కి మాత్రం దొరకదు. సాఫ్ట్‌వేర్ మూడుసార్లు తీసి మళ్ళీ ఎక్కించా. ఉబుంటు కూడా మార్చా.

ఓమ్_శాంతి

కేబుల్ ఎక్కడిది?

ఊరకే_చూస్తా

పాత ఫోన్ ఛార్జర్‌ది.

ఓమ్_శాంతి

అది ఉత్త ఛార్జింగ్ కేబుల్ అయ్యుంటుంది. లోపల కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. అందుకే లైటు వెలుగుతోంది. పెట్టెతో వచ్చిన కేబుల్ పెట్టు.

ఊరకే_చూస్తా

పెట్టాను. వచ్చింది.

మూడు వారాలు. 🤦